సరిచూసినవారు

నమోదు 4107

నాలుగున్నరకి లేచి మేడెక్కి సోలార్ పలకల మీద దుమ్ము తుడిచాను. పొడిగుడ్డ దులిపితే చేటెడు ఎర్రమట్టి రాలింది. ఐదింటికల్లా కాలేజీలో ఉన్నాను. తొమ్మిదిన్నరకి, ఇక ఎవరూ బయట తిరగకూడదని, ఎండ సైరన్ మోగుతుంది. ఆలోపే మూడు క్లాసులూ అయిపోవాలి.

రెండో సంవత్సరం వాళ్లకు పరీక్షించాల్సిన పేజీలు పంచాను. నీళ్లూ, మందులూ, విత్తనాల గురించి ఎవరో వెళ్లి చూసి రాసి పెట్టినవి. ఇరవై ఆరుగురు, ఇరవై ఆరు చీటీలు. అన్నీ నల్లగీత పేజీలే. రాసినవారు పోతే వారి పేజీ చుట్టూ నల్లగీత పడుతుంది. ఏడాదిలోగా బతికున్నవారు ఇద్దరు వెళ్లి, ఎవరికి వారు చూసి, సంతకాలు పెట్టాలి. లేకపోతే పేజీ రాలిపోతుంది. ఊరూపేరూ లేని పేజీలు కోట్లలో ఉన్నాయి. వాటిని ఎవరూ లెక్క చేయరు. సంతకాలున్నవి మా మండలం మొత్తానికి పదకొండు వందలే. మేం తాగేదీ, వాడే మందులూ, వేసే విత్తనాలూ వాటి మీదే ఆధారపడి ఉంటాయి.

గౌసియా చీటీ విప్పి చదివింది. 'ఎర్రమెట్ట మండలం, పద్నాలుగు బోర్ల నీళ్లు. చూసినవారు వకుళ. సరిచూసినవారు దయాకర్.'

చదివి నా వైపు చూసింది.

"వేరేది తీసుకోమంటారా సార్?"

"చీటీలో వచ్చిందే చెయ్యి."

వకుళ నా భార్య. పోయి పదకొండు నెలలైంది. పేజీకి ఇంకా ముప్ఫై ఒక్క రోజులున్నాయి. ఆమె సంవత్సరీకానికీ అంతే.

చీటీ మార్చి ఉండవచ్చు. మార్చలేదు. ఆ పేజీ ఎవరు చూసినా నిలబడుతుందని నాకు నమ్మకం. వకుళ ఇరవై రెండేళ్లు నీళ్లు పరీక్షించిన మనిషి.

నమోదు 4109

క్లాసులో నాలుగు ప్రశ్నలు మళ్లీ చెప్పించాను. ఎవరు రాశారు? చూసి రాశారా, విని రాశారా? ఎప్పుడు చూశారు? నమ్మితే ఎవరికి లాభం?

వెనక బెంచీ నుంచి ఓబుల్ లేచాడు. "సార్, గౌసియాకి పని తేలిక. బోర్ల నీళ్ల మీద ఇంకా ఏడు పేజీలున్నాయి. ఆరోగ్య కేంద్రం, హాస్టల్, మండలాఫీసు, అన్నీ అవే అంకెలు చెప్తున్నాయి. ఎనిమిది మంది ఒకే మాట చెప్తే అబద్ధమెట్టా అవుతుంది?"

"నీ పేపర్ చూసి ఏడుగురు రాస్తే ఏడుగురికీ మార్కులు వెయ్యమంటావా?"

"నా పేపర్ చూసి ఎవరు రాస్తారు సార్, ఫెయిలైపోరూ."

క్లాసంతా నవ్వింది. గౌసియా నవ్వలేదు. లేచి పుస్తకం తెరిచింది.

"ఏడూ మేడం పేజీ నుంచి తీసుకున్నవే సార్. తొమ్మిదో బోరు లోతు ఇరవై నాలుగు అడుగులని మేడం పొరపాటున రాశారు. రెండువందల నలభై అని ఉండాల. ఏడు పేజీల్లోనూ ఇరవై నాలుగే ఉంది. ఒక్కరు కూడా ఆ బోరు కాడికి పోయినోళ్లు లేరు."

అంటే ఎనిమిది సాక్ష్యాలు కావు, ఒక్కటే అని బోర్డు మీద రాశాను. చాలా బాగా పట్టుకున్నావన్నాను. వకుళ అంకెల్లో పొరపాటు చేసే మనిషి కాదే అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

నమోదు 4113

క్లాసు అయ్యాక గౌసియా ఆగింది. ఆమెది రాళ్లపేట. పదకొండో బోరు నీళ్లు తాగేది వాళ్లే. దూదేకుల ఇళ్లు నలభై. రోజూ బ్యాటరీ బండి మీద పదిహేను కిలోమీటర్లు వచ్చి చదువుకుంటుంది.

"సార్, ఒక సంగతి అడగాల. తప్పయితే తిట్టండి."

"అడుగు."

పేజీలో రెండు వరుసలుంటాయి. మొదటిది చూసినవారిది, రెండోది సరిచూసినవారిది. పరీక్ష పుల్లను నీళ్లలో ముంచితే మంచి నీళ్లలో పసుపుగానే ఉంటుంది. ఫ్లోరైడ్ పెరిగే కొద్దీ ఎర్రబడుతుంది. పక్కన ఇరవై రంగుల పట్టీ పెట్టుకుని, ఏ రంగుకి దగ్గరో ఆ అంకె రాస్తాం. ఎనిమిది దాటితే తాగకూడదు. యంత్రం చదివిన అంకె చెల్లదు. దాని తరఫున జవాబు చెప్పేవారు ఉండరు. అందుకే ఇద్దరు మనుషులు, వేర్వేరు రోజుల్లో, ఒకరి అంకె ఒకరు చూడకుండా రాయాలి.

గౌసియా రెండు వరుసల మధ్య వేలు జరుపుతూ చదివింది.

"మేడం నాలుగు, మీరు ఐదు. మేడం ఏడు, మీరు ఆరు. మేడం మూడు, మీరూ మూడు. మళ్లీ ఒకటి ఎక్కువ. మళ్లీ ఒకటి తక్కువ. మళ్లీ సమానం. పద్నాలుగు బోర్లకీ ఇదే వరస సార్. నేను బోర్లు కొలిచేటప్పుడు ఇట్టా రాలేదు. ఒకసారి మూడు తేడా వస్తది, ఒకసారి అసలు రాదు. ఒక పద్ధతి ఉండదు."

నేను పేజీ నా వైపు తిప్పుకున్నాను.

"నాకు తెలియక అడుగుతున్నా సార్. పెద్దోళ్లు సరిచూస్తే ఇట్టా కుదురుతుందేమో."

"రేపు చెప్తాను," అన్నాను.

ఆమెకు తెలుసు. తెలుసని నాకు తెలియకుండా ఉండాలని ప్రయత్నించింది. అలా మాట్లాడటం నేను నేర్పలేదు.

నమోదు 4114

సైరన్ అయ్యాక తలుపులు మూసి పాత నమోదు పుస్తకం తీశాను. మూడేళ్ల నాలుగు నెలల కిందటిది. సంతకందారులం ఎక్కడికి వెళ్లామో, ఏం చూశామో రోజూ రాయాలి. ఇది మా షరతు.

ముందు రోజు కింద ఒకటి నుంచి ఎనిమిది బోర్లున్నాయి. ఆ రోజు నా దస్తూరీతో ఇలా ఉంది: 'రాళ్లపేట, సున్నపుగుంట, కొత్త కాలనీ. తొమ్మిది నుంచి పద్నాలుగు బోర్లు. సరిచూశాను.'

రెండు రోజులూ వెళ్లలేదు.

ఆ వారం నూట పన్నెండు పరీక్ష పేపర్లు దిద్దాల్సి ఉంది. ఎండ నలభై ఎనిమిది. వకుళ పుస్తకం బల్ల మీదే ఉంది. నేను చూడకూడని పుస్తకం అది. ఆమె ఎన్నడూ దాన్ని నా నుంచి దాచలేదు. దాచాల్సిన అవసరం ఉందని అనుకోలేదు. తెరిచి అంకెలు చూశాను. ఒకటి కలిపాను, ఒకటి తీశాను, ఒకటి అలాగే ఉంచాను. పద్నాలుగు అంకెలకు ఐదు నిమిషాలు పట్టింది.

ఆ సాయంత్రం వకుళ పొయ్యి దగ్గర నుంచి అడిగింది.

"వెళ్లొచ్చారా?"

"ఆ."

"పదకొండోది ఎలా ఉంది?"

"నీదీ నాదీ ఒక్కటే తేడా. సరిపోయింది."

"నిజంగానా?"

"నిజంగానే. దానికి అంత ఆలోచనెందుకు?"

కాసేపు నిలబడింది. తరవాత చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆ పూట చాలా మాట్లాడింది. పని ఒడ్డున పడినందుకు తేలికపడిందనుకున్నాను.

ఆమె ఎప్పుడూ తప్పు చేయలేదు కాబట్టి నేను వెళ్లనక్కర్లేదని ఆ రోజు అనుకున్నాను. దాన్ని నమ్మకం అన్నాను. విద్యార్థి ఎవరైనా ఈ మాట రాసి ఉంటే ఎర్రసిరాతో కొట్టేసేవాడిని.

నమోదు 4116

గౌసియా మూడు సీసాలు తెచ్చింది. పది, పదకొండు, పన్నెండు బోర్ల నీళ్లు. నన్ను చూడమని ఇచ్చి తను కిటికీ వైపు తిరిగి నిలబడింది. నా అంకెలు కాగితం మీద రాశాను. తరవాత ఇద్దరం కాగితాలు పక్కపక్కన పెట్టాం.

పదో బోరు: పేజీలో వకుళది రెండు. ఆమెది రెండు, నాది మూడు.

పదకొండు: పేజీలో ఆరు. ఆమెది పదిహేను, నాది పద్నాలుగు.

పన్నెండు: పేజీలో ఐదు. ఇద్దరికీ పదకొండు.

"మూడేళ్లలో నీళ్లు మారుంటాయేమో సార్," అంది గౌసియా. నా కోసమే అంది.

"మారితే మూడూ మారాలి కదా."

"నేనూ అదే అనుకున్నా. పసుపుగా ఉన్న కాడ మేడం అంకె సరిపోయింది. ఎర్రగా ఉన్న కాడే తక్కువ రాశారు." ఆగింది. "మేడంకి ఎరుపు కనపడ్లేదా సార్?"

బెంచీ మీద కూర్చున్నాను. ఆమె సీసాలు సర్దుకుంటున్నట్టు నటించింది.

ఆ ఎండాకాలం వకుళ కారం కొట్టువాడితో గొడవ పడింది. కల్తీ కారం అమ్ముతున్నావు, రంగే లేదు అంది. ఇంటికి తెచ్చి నాకు చూపించింది. నాకు బాగానే కనిపించింది. పేపర్లలోంచి తలెత్తకుండా అవునన్నాను. దసరాకి కొన్న ఎర్రచీర మొదటి ఉతుకుకే వెలిసిపోయిందని పనిమనిషికి ఇచ్చేసింది. ఆ పనిమనిషి కట్టుకొస్తే చీర మిరపపండులా ఉంది. చూశాను. నవ్వుకున్నాను కూడా.

పద్నాలుగు నెలల తరవాత ఆమె ఒక కన్ను పూర్తిగా పోయాక పెద్దాసుపత్రికి వెళ్లాం. కంటి నరం మీద గడ్డ ఉందన్నారు. తొలి రోజుల్లో ఎరుపు వెలిసినట్టు కనబడుతుందట. అప్పుడే తెలిసి ఉంటే కోసి తీసేవారట, ప్రాణం మీదికి వచ్చేది కాదట. రంగుల్లో తేడా ఎప్పుడైనా అనిపించిందా అని డాక్టర్ అడిగాడు. వకుళ నా వైపు చూసి, లేదండీ అంది.

నేను బోరు దగ్గరికి వెళ్లి ఉంటే నా పద్నాలుగు ఆమె ఆరు పక్కన పడేది. ఇంట్లో ఆ రోజే మాట వచ్చేది.

నమోదు 4117

ప్రిన్సిపాల్ కృపావరం గారిని కలిశాను. దాచకుండా చెప్పాను. ఆయన చాలాసేపు అద్దాలు తుడుచుకున్నారు.

"ఇంకెవరికి తెలుసు?"

"గౌసియాకి."

"ఆ అమ్మాయి మంచిది. నోరు మెదపదు. వినండి దయాకర్ గారూ. మీరు సంతకం వెనక్కి తీసుకుంటే ఏమవుతుంది? ఒక్క బోరు కాదు, పద్నాలుగూ ఆ పూటే మూతపడతాయి. మన దగ్గర రెండు ట్యాంకర్లున్నాయి. ఊళ్లు ఆరు."

"ఆ ఆరూళ్లలో రెండూళ్ల వాళ్లైనా తాగకూడని నీళ్లు తాగుతున్నారు."

"ఇంకో మూడు వారాలాగితే పేజీ దానంతటదే రాలిపోతుంది. ఎవరూ ఎందుకని అడగరు. కొత్తగా కొలిపిద్దాం."

"కొలిచేవాళ్ల వరస ఆర్నెల్లుంది సార్. గడువు తీరి రాలిన పేజీకి బోర్లు మూయరు, అప్పటిదాకా పాత అంకెలే నడుస్తాయి."

"మీ సంగతి ఆలోచించారా? దొంగ సంతకం అని తేలితే మీ పేరున్న అరవై మూడు పేజీలూ ఆగిపోతాయి. మీరిక ఈ పాఠం చెప్పకూడదు. నేను చెప్పనివ్వలేను."

"తెలుసు."

"వకుళ గారి పేరు కూడా వస్తుంది. ఆవిడ తప్పుగా చూశారని రాయాలి. పోయిన మనిషి గురించి." గొంతు తగ్గించారు. "అది మీరు భరించలేరయ్యా."

ఆలోచించి చెప్తానని వచ్చేశాను. ఇంటికొచ్చి పలకలు మళ్లీ తుడిచాను. ఉదయమే తుడిచినవి.

నమోదు 4119

గౌసియా నివేదిక ఇచ్చింది. నాలుగు పేజీలు. నాలుగో ప్రశ్న దగ్గర ఖాళీ వదిలింది. నమ్మితే ఎవరికి లాభం?

"ఇదెందుకు రాయలేదు?"

"రాయబుద్ధి కాలేదు సార్."

"నేనెవరినో మరిచిపోయి రాయి."

"అట్టా మరిచిపోవచ్చా?" అంది. గట్టిగా అడగలేదు. "మీరు మేడంని చూసి సంతకం పెట్టినారు. నేను మిమ్మల్ని చూసి ఖాళీ వదిలినా. రెండూ ఒకటే గదా సార్."

నేను తల ఊపాను. ఆమె ఇంకా నిలబడే ఉంది.

"మా చిన్నాన్న బిడ్డకి ఏడేళ్లు. కొత్త పళ్లు వచ్చినాయి. గోధుమ మచ్చలతోనే వచ్చినాయి. నా సంతకం చెల్లాలంటే ఇంకా రెండేళ్లు చదవాల. చెల్లేది మీదే. మీరు తీసేస్తేనే బోరు ఆగుతుంది."

ఈ మాట చెప్పడానికి ఆరు రోజులు ఆగింది. నన్ను గౌరవించి ఆగింది. ఆ ఆరు రోజులూ వాళ్లింట్లో అవే నీళ్లు తాగారు.

"రేపు తీసేస్తాను," అన్నాను.

నమోదు 4120

మండలాఫీసులో సంతకం వెనక్కి తీసుకున్నాను. ఫారంలో 'కారణం' అనే చోట రెండు గీతలే ఉన్నాయి. 'నేను వెళ్లలేదు. భార్య పుస్తకం చూసి రాశాను,' అని రాశాను. సరిపోయింది.

కింద ఇంకో వాక్యం రాయమన్నారు, మొదటి వరుస గురించి. 'చూసినవారి చూపు అప్పటికే దెబ్బతిని ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియజేయాల్సింది సరిచూసినవారు,' అని రాశాను. గుమాస్తా చదివి, ఇలా రాసే పద్ధతి లేదన్నాడు. ఉంచమన్నాను. కాసేపు పెన్ను తిప్పి, ఉంచాడు.

కృపావరం గారు కాలేజీ తాళాల్లో నా గది తాళం తీసి పక్కన పెట్టుకున్నారు. "పిల్లలకేం చెప్పమంటారు?" అని అడిగారు.

"జరిగింది చెప్పండి. పాఠంలాగే చెప్పండి."

నమోదు 4122

పేజీ పడిపోతే ఆ సంగతి ఎవరికి నష్టమో వాళ్ల ముందు నిలబడి చదవాలి. రాసి పంపించడం కుదరదు. గౌసియా బండి వెనక కూర్చుని రాళ్లపేట వెళ్లాను. పదకొండో బోరు దగ్గర ముప్ఫై మంది దాకా ఉన్నారు. బిందెలు వరసలో ఉన్నాయి. పంపు చేతిని అప్పటికే తాడుతో కట్టేశారు.

చదివాను. ఎవరూ అరవలేదు. ఒకాయన మాత్రం, "మూడేళ్లు తాగినాం సార్," అని లెక్క అప్పజెప్పినట్టు అన్నాడు. ఇంకొకామె పక్కనున్న పాపను దగ్గరికి లాక్కుంది. ఆ పాప నోరు మూసుకునే నవ్వింది.

గౌసియా జేజి అని పిలిచే నాయనమ్మ హుసేనమ్మ ఇల్లు బోరుకి ఎదురుగానే. కర్ర పట్టుకుని వచ్చి నా ముఖంలోకి వంగి చూసింది.

"నువ్వేనా ఆయమ్మ మొగుడివి?"

"అవునమ్మా."

"ఆ దినం ఆయమ్మ పుల్ల ముంచి చానాసేపు చూసింది. నన్ను పిలిచి, 'అమ్మా, ఇది ఏ రంగులో ఉండాది?' అని అడిగింది. నాకు కళ్లల్లో పొరలు నాయనా, నాకేం తెలస్తది. ఆ మాటే చెప్పినా. 'నాకూ అట్టానే ఉంది ఈ మధ్య, ఎరుపు సరిగ్గా అగుపడ్డంలా' అనింది. 'రెండు దినాల్లో మా ఆయన వస్తాడు. ఆయన కళ్లు మంచివి. ఆయన అంకెకీ నా అంకెకీ తేడా ఉంటే డాక్టర్ కాడికి పోతా' అనింది."

గౌసియా "జేజీ" అని చెయ్యి పట్టుకుంది. హుసేనమ్మ విడిపించుకుంది.

"రెండు దినాలూ వాకిట్లోనే కూర్చోనుండా. ఎండన పడి వస్తాడని మజ్జిగ పెట్టినా."

"నేను రాలేదమ్మా."

"తెలుసులే. తరవాత ఒకనాడు ఆయమ్మ ఈ దోవన పోతా బండి ఆపింది. 'మా ఆయన సరిచూసినాడు, సరిపోయిందంట. నా కళ్లకేం కాలా, ఊరికే భయపడినా' అని నవ్వింది. ఆయన రాలేదు గదమ్మా అని నోటిదాకా వచ్చింది. మొగుడూ పెళ్లాల నడుమ మనకెందుకులే అని ఊరుకున్నా." కర్ర రెండు చేతుల్తో పట్టుకుంది. "చెప్పుంటే బాగుండేది. గౌసియా చెప్పేదాకా ఆయమ్మ పోయిందనే తెలవదు నాకు."

ఆమెను ఓదార్చాల్సింది నేను.

బిందెల దగ్గర నుంచి ఎవరో ట్యాంకర్ ఎప్పుడొస్తుందని అడిగారు. మొదట పెద్ద ఊళ్లకి, ఇక్కడికి ఎల్లుండి అన్నాను.

"అందాకా నీళ్లకి యాడికి పోవాల?" అంది హుసేనమ్మ.

"ఆరో బోరుకి. రెండు కిలోమీటర్లు. దానికీ తాడు కట్టారు గానీ, అక్కడ పేజీ ప్రకారం మూడే."

"పేజీ పడిపోయిందని ఇప్పుడే గదా చదివినావు. నువ్వు చూసినావా, ఆ బోరు?"

"లేదమ్మా."

గౌసియా పుల్లల డబ్బా, రంగుల పట్టీ సంచిలో వేసుకుంది. రెండు కాగితాలు చించి ఒకటి నాకిచ్చింది. నా సంతకం ఇక చెల్లదన్నాను. చెల్లకపోయినా చూడొచ్చు గదా సార్ అంది. సైరన్‌కి ఇంకా రెండు గంటలుంది. నడక మొదలుపెట్టాం. నలుగురు ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వెనక వచ్చారు.

కొంత దూరం పోయాక కర్ర చప్పుడు వినిపించి వెనక్కి తిరిగాను. హుసేనమ్మ వస్తోంది. ఈ ఎండలో ఎందుకమ్మా, మీరు చూసినా రంగు తెలియదు కదా అన్నాను.

"రంగు కోసం కాదులే," అంది. "నువ్వు పోతావో లేదో చూద్దామని."